మాస్టారి జీపుకు లైట్లు

జీపు కొన్నవాళ్లకు ఓ జబ్బు ఉంటుంది. కొన్న నెలకే టైర్లు చిన్నవిగా కనిపిస్తాయి. రెండో నెలకు బంపరు నచ్చదు. మూడో నెల నుంచీ లైట్ల మీద పడుతుంది చూపు. టాపు మీద ఓ వరస, బంపరు మీద నాలుగు, అద్దం పక్కన రెండు... బండి పెళ్లి ఊరేగింపులా తయారయ్యేదాకా మనసు ఊరుకోదు. నర్సీపట్నంలో ఇల్లున్న ఓ సైన్సు మాస్టారికి మాత్రం ఆ జబ్బు లేదు. ఆయనకు నిజంగానే లైట్లతో పని పడింది.

మాస్టారు పనిచేసేది చింతపల్లి దాటాక, తారు రోడ్డు వదిలి మట్టి దారిలో కొండెక్కితే వచ్చే ఓ ఆశ్రమ పాఠశాలలో. సోమవారం వెళ్తే మళ్లీ శనివారమే దిగడం. చాలా ఏళ్లు మోటారు సైకిల్ మీదే తిరిగారు. నడుం మొరాయించాక పాత ఫోర్‌వీల్ జీపు ఒకటి కొన్నారు... మహీంద్రా ఎంఎం 540. కొన్నది తన కోసమే. కానీ చుట్టుపక్కల గూడేలకు కబురు పాకింది. ఆ గూడేల దాకా అంబులెన్స్ ఎక్కలేదు. తారు రోడ్డు మీద ఆగుతుంది. అక్కడిదాకా డోలీ కట్టి మోసుకురావాల్సిందే. అలాంటప్పుడు పిలిస్తే పలికే జీపొకటి ఉందంటే ఊరుకుంటారా? ఏ అర్ధరాత్రో తలుపు తడతారు. ‘‘మాస్టారూ, పిల్లకి నొప్పులొస్తన్నాయి. బండి తీయాల’’ అంటూ.

తీస్తారు. తీశాకే తెలిసింది, ఆ జీపు దీపాలు ఎంత గుడ్డివో. మట్టి దారిలో చక్రం ఎక్కడ పడుతుందో తెలియదు. గట్టు తెగి గాడి పడిందా, నీడే అలా కనిపిస్తోందా... దిగి చూసుకోవాలి. వెనక పడుకున్న మనిషికి కుదుపు తగలకుండా నడపాలంటే ఇది కుదిరే పని కాదు.

అదనపు లైట్లు కొందామని విశాఖపట్నం వెళ్లారు. విడిభాగాల కొట్టులో కుర్రాడు పొడవాటి ఎల్ఈడీ బారు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ‘‘ముప్పై వేల ల్యూమెన్లు సార్. ఇది వేస్తే అవతలి కొండ మీద మేక కూడా కనిపిస్తాది.’’

‘‘మేక సరే బాబూ, ఇవతలి కొండ మీద దారి కనిపిస్తుందా?’’

కుర్రాడు నవ్వాడు గానీ, ప్రశ్న అదే. ల్యూమెన్ అంటే దీపం నుంచి అన్ని వైపులా బయటికొచ్చే వెలుగు మొత్తం. అది ఎక్కడ పడుతుందో ఆ అంకె చెప్పదు. పైగా చాలా చవక బార్ల మీద రాసేది ఒక్కో చిప్పు గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదో చూసి, చిప్పుల సంఖ్యతో పెట్టిన గుణకారం. వేడెక్కాక, అద్దం దాటాక మిగిలేది అంతకన్నా తక్కువే. దారి మీద నిజంగా పడిన వెలుగును కొలిచేది లక్స్. పేరున్న తయారీదారులు తమ దీపం ఎంత దూరంలో ఒక లక్స్ ఇస్తుందో గీత గీసి చూపిస్తారు. నిండు పున్నమి వెన్నెల పావు లక్స్ చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి, ఒక లక్స్ అంటే పెద్ద వెలుగేమీ కాదు. ‘అర కిలోమీటరు’ అని డబ్బా మీద రాసి ఉంటే, ఆ చివర్లో ఉండేది ఆపాటి వెలుతురే.

ఇంకో లెక్క కూడా ఉంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది. అంటే ఇప్పుడు కనిపిస్తున్నదానికి రెండింతల దూరం అంతే స్పష్టంగా కనిపించాలంటే నాలుగింతలు వెలుగు కావాలి. అసలు అంత దూరం కనిపించాల్సిన అవసరం ఎవరికుంది? ఎడారిలో గంటకు వంద కిలోమీటర్లతో పోయే ర్యాలీ డ్రైవరుకు ఉంది. సెకనుకు 28 మీటర్లు పోతాడు కాబట్టి ముందే చూసుకోకపోతే బతకడు. ఘాట్ మలుపులో పాతిక కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఏడు మీటర్లే. చూసి, కాలు బ్రేకు మీద వేసి, తడి మట్టిలో బండి ఆగేదాకా కలిపినా ముప్పై మీటర్లు కనిపిస్తే చాలు. కావాల్సింది పొడవు కాదు, వెడల్పు. హెయిర్‌పిన్ మలుపు తిరిగేటప్పుడు సన్నటి ఫోకస్ లైటు లోయలోకి పోతుంది. చూడాల్సిన గట్టు చీకట్లోనే ఉండిపోతుంది. ఆకాశంలో విమానాన్ని వెతకడానికైతే బాగానే ఉంటుందనుకోండి.

ఇక మంచు సంగతి. లంబసింగిని ఆంధ్రా కశ్మీర్ అని పిలిచి, డిసెంబరు వస్తే చాలు కార్లు వేసుకుని ఫొటోలకు పరుగెత్తుతాం. అదే మంచు రోజూ దాటేవాళ్లకు ముద్దుగా ఉండదు. ఓ శీతాకాలం తెల్లవారుజామున, టాపు మీద బారు ఉన్న స్నేహితుడి జీపును అక్కడే పరీక్ష పెట్టారు మాస్టారు. బారు వేశారు. ఎదురుగా తెల్లటి గోడ! బానెట్టు దగదగా మెరిసింది, రోడ్డు మాయమైంది. బారు ఆపేసి డిమ్‌లో పెట్టారు. రోడ్డు అంచున తెల్లగీత మెల్లగా బయటపడింది. వెలుగు తగ్గితే చూపు పెరిగింది.

ఎందుకంటే మంచంటే గాల్లో తేలే నీటి బిందువులే. వాటి మీద పడిన వెలుగు చెదిరి కొంత వెనక్కి వస్తుంది. దీపం కళ్ల ఎత్తున, టాపు మీద ఉంటే, చూపు పోయే దారిలోని మంచంతా వెలిగిపోతుంది. దీపం కింద, బంపరు దగ్గర ఉండి, కాంతి పైకి లేవకుండా నేలబారుగా పరుచుకుంటే కళ్లకూ రోడ్డుకూ మధ్య ఉన్న మంచు చాలావరకు చీకటిగానే ఉంటుంది. ఫాగ్‌లైటు రహస్యం ఇంతే. ఎర్రమట్టి దుమ్ములోనూ ఇదే వర్తిస్తుంది.

మరి పసుపు రంగు? పసుపు కాంతి మంచును చీల్చుకుపోతుందని మెకానిక్కుల నుంచి మామయ్యల దాకా అందరూ చెబుతారు. ఫ్రాన్స్‌లో అయితే 1993 దాకా కార్ల హెడ్‌లైట్లన్నీ పసుపుగా ఉండాలన్న చట్టమే ఉండేది. కానీ మాస్టారు పిల్లలకు చెప్పే పాఠం ఇక్కడ అడ్డొచ్చింది. గాలి అణువులు చాలా చిన్నవి కాబట్టి నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. ఆకాశం నీలంగా కనిపించేది అందుకే. మంచు బిందువులు కాంతి తరంగదైర్ఘ్యం కన్నా పదుల రెట్లు పెద్దవి. వాటికి పసుపైనా తెలుపైనా ఒక్కటే, అన్నిటినీ చెదరగొడతాయి. అయితే పసుపుకు లాభమే లేదా అంటే, ఉంది. తెల్లటి ఎల్ఈడీలో నీలం పాలు ఎక్కువ. అది కంటికి జిగేల్‌మని గుచ్చుకుంటుంది. పసుపులో ఆ పోటు తక్కువ, గంటసేపు నడిపినా కన్ను అలసిపోదు. మంచుకు కాకపోయినా కంటికి మంచిదే కదా అని పసుపుకే ఓటేశారాయన.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆయన్ని ఆ బారు కొననివ్వని అసలు సంగతి ఇంకోటి ఉంది. మోటారు సైకిల్ మీద తిరిగే రోజుల్లో ఓ రాత్రి ఘాట్ దిగుతుంటే, మలుపులో ఎదురుగా ఓ జీపు వచ్చింది. నాలుగు ఫోకస్ లైట్లు. వాటిని ఆర్పలేదు. కళ్ల ముందు తెలుపు తప్ప ఏమీ లేదు. జీపు దాటిపోయాక నలుపు తప్ప ఏమీ లేదు. బ్రేకు నొక్కి కాలు కింద పెడితే చెప్పు అంచుకు పిట్టగోడ తగిలింది. కన్ను మళ్లీ చీకటికి అలవాటు పడటానికి కొన్ని సెకన్లు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. ఆ కొద్ది సెకన్లలో దిగుడు మీద బండి ఎంత దూరం పోతుందో లెక్క వేసుకోండి. ఆ జీపాయనకు మాత్రం దారి బ్రహ్మాండంగా కనిపించే ఉంటుంది.

చట్టం కూడా ఊరుకోదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 111వ నిబంధన ప్రకారం బండి ముందు స్పాట్‌లైటు గానీ సెర్చ్‌లైటు గానీ ఉండకూడదు. ప్రత్యేక పరిస్థితుల్లో రిజిస్టరింగ్ అధికారి అనుమతిస్తేనే మినహాయింపు. అడవి దారుల్లో అలాంటి లైటు దూరం నుంచి కనిపిస్తే వేటగాళ్లేమోనని ఫారెస్టువాళ్లు ఆపి అడగడమూ మామూలే.

మళ్లీ కొట్టుకు వెళ్లేముందు నర్సీపట్నంలో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర ఆగారు. అతను మీటరు పెట్టి చూసి అన్నమాట ఇది: ‘‘ఉన్న లైట్లకే కరెంటు అందట్లేదు మాస్టారూ. కొత్తవి కట్టి ఏటి సేత్తారు?’’

లక్ష రూపాయల మాట! పాత జీపుల్లో హెడ్‌లైటు కరెంటంతా స్టీరింగు దగ్గరి స్విచ్చు గుండా, ముసలి వైర్ల గుండా తిరిగి వస్తుంది. దారిలోనే వోల్టేజి కారిపోతుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, రిలే కట్టారు. స్విచ్చు ఇప్పుడు రిలేకు సైగ చేస్తుందంతే. మాసిపోయిన డూములు మార్చి, కంపెనీ ఇచ్చే 60/55 వాట్ల బల్బులే మళ్లీ వేశారు. వంద వాట్ల బల్బులు రెండు పెడితే పదహారు ఆంపియర్ల పైనే లాగుతాయి. ఆ భారం మోయలేక కాలిపోయిన వైర్లు అతని షెడ్డులోనే కుప్పగా ఉన్నాయి.

ఆ రాత్రి జీపు తెచ్చి ఇంటి ముందు ఆపితే మాస్టారి భార్య బయటికొచ్చి చూసి, ‘‘ఏవండీ, కొత్త లైట్లు కొనేశారా?’’ అని అడిగారట.

కొన్నది ఆ తర్వాతే, అదీ మూడే. బంపరు కింద వెడల్పుగా పరుచుకునే పసుపు ఫాగ్‌లైట్లు రెండు. వీటిని హెడ్‌లైటుతో ముడిపెట్టకుండా విడి స్విచ్చు ఇచ్చారు, మంచు లేనప్పుడు ఆర్పేయడానికి. మూడోది వెనక తలుపు పైన చిన్న ఎల్ఈడీ పనిదీపం. నీళ్లలో మీటరు లోతున అరగంట మునిగినా చెడదన్న ఐపీ 67 ముద్ర చూసి తీసుకున్నారు. వాగులు దాటే బండి కదా!

సర్దుబాటు బడి గోడ మీదే జరిగింది. గోడకు పది మీటర్ల దూరంలో చదునైన చోట జీపు నిలిపి, ఫాగ్‌లైటు ఎత్తు కొలిచి గోడ మీద సుద్దముక్కతో గీత గీశారు. దానికి ఇరవై సెంటీమీటర్ల కింద మరో గీత. వెలుగు పై అంచు ఆ కింది గీతకు ఆనేదాకా బోల్టు తిప్పడం. హాస్టలు పిల్లలు గోడ పక్కన నిలబడి ‘‘ఇంకా కిందికి సార్, ఇంకా...’’ అని అరుస్తూనే ఉన్నారు. ఆఖర్న ఓ పిల్లాడిని మోటారు సైకిల్ సీటు మీద కూర్చోబెట్టి, ఎదురుగా చూడమని, కళ్లకు కొడుతోందా అని అడిగారు. లేదన్నాకే బోల్టు బిగించారు.

మూడింటిలో ఎక్కువగా వెలిగేది వెనకదే. సన్నటి దారిలో బండి తిప్పుకోవాలంటే రివర్సు గేరులో గట్టు అంచు కనిపించాలి. గూడెం చివర డోలీ దించి, మనిషిని ఎత్తి లోపల పడుకోబెట్టేటప్పుడు నలుగురి చేతులూ కాళ్లూ కనిపించాలి. ఇంతకుముందు ఆ పని సెల్‌ఫోన్ వెలుగులో, ఒకరి చేయి ఖాళీ లేకుండా జరిగేది. ఇప్పుడు నాలుగు చేతులూ డోలీకే.