మనవడు రాసిన కథ

టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చదివినవాళ్లలో బారాహిర్ పేరు గుర్తున్నవాళ్లు అరుదు. పాత ప్రతుల సంగతులు చెప్పేచోట ఒక్క వాక్యంలో వచ్చి పోతాడు. ఫరామిర్ మనవడు, రాజు ఆరగార్న్ పోయిన కొంతకాలానికి ఆయన, ఆయన రాణి ఆర్వెన్‌ల కథ రాశాడు. అంతే. ఆ వాక్యమైనా 1965 నాటి రెండో కూర్పులో చేరిందే. కథ మాత్రం 1955లోనే అనుబంధంలో అచ్చయింది. పదేళ్లు కర్త పేరు లేకుండానే నిలిచింది. అనుబంధాలన్నిటిలో అదే ముఖ్యమని టోల్కీన్ ఒక లేఖలో రాశాడు కూడా.

బారాహిర్ ఇంటి సంగతి తలుచుకున్నాకే అతని మీద నా గౌరవం పెరిగింది. రాజు లేని గోండోర్ రాజ్యాన్ని 969 ఏళ్లు ఏలింది అతని వంశమే. ఆరగార్న్ రాగానే ఫరామిర్ తన అధికార దండాన్ని ఆయన చేతికి ఇచ్చేశాడు. ఇక ఫరామిర్ భార్య ఎయోవిన్, అంటే బారాహిర్‌కు అవ్వ, ఒకప్పుడు మనసు పడింది ఆరగార్న్ మీదే. ఆయన కాదన్నాక చావును వెతుక్కుంటూ మగవేషంలో యుద్ధానికి వెళ్లింది. అలాంటి ఆవిడ మనవడు కూర్చుని ఆర్వెన్ ప్రేమకథ రాశాడు! వంశం కోల్పోయిన పెత్తనం మీద గానీ, అవ్వ పడ్డ బాధ మీద గానీ మనకు దక్కిన పేజీల్లో ఒక్క ముక్క లేదు.

ఆ కథలో చివరి ఘట్టం చూడండి. ముసలి రాజు తానే నడిచి వెళ్లి, రాజుల సమాధి మందిరంలో సిద్ధం చేసిన పడక మీద పడుకుంటాడు. కిరీటం, రాజదండం కొడుకు ఎల్దారియన్‌కు ఇస్తాడు. అందరూ వెళ్లిపోతారు, ఆర్వెన్ తప్ప. ఎల్ఫ్ జాతిలో పుట్టి, వయసులో ఆయనకంటే ఎంతో పెద్దదైన ఆవిడకు చావంటే ఏమిటో తెలిసివచ్చేది అప్పుడే. ఆ ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ బయటివాళ్లెవరూ వినలేదు. అయినా దాన్ని రాసే ధైర్యం చేశాడు బారాహిర్. ఆవిడకు ఓదార్పు దొరికినట్టు కల్పించలేదు. భర్త ఎంత చెప్పినా ఆవిడ దుఃఖం తీరలేదు, తీరలేదనే రాశాడు. చరిత్రకారుడికి ఇంతకంటే ఏం కావాలి?

మన చేతికి వచ్చింది కుదించిన భాగమే. పూర్తి గ్రంథం దొరికితే నేను ముందు వెతికేది పట్టాభిషేకం కాదు, ఎయోవిన్ పేరు.