వెలుగని మానిటరు

ఎల్.సి.డి. మానిటరు వెలుగనంతమాత్రమున దానికి నూకలు చెల్లినవని యెంచరాదు. మా దానిలో మీటకడ నున్న చిన్నదీపము మిణుకుమనుచుండెనే గాని తెర వెలుగదయ్యెను. దుకాణదారు పారవేయుడనెను, క్రొత్తది కొనుట బడిపంతులుగారి జీతమునకు మాటలా? ఇట్టియెడల దోషము పెక్కుమారులు తెరయందుగాక, విద్యుత్తు నందించు పలకయందుండును. వెనుకమూత విప్పిచూడగా, చదునైన తలలతో నుండవలసిన కెపాసిటర్లలో రెండు పూరీలవలె పొంగియుండెను. 2000 సంవత్సరము తరువాతి కొన్నియేండ్లలో తయారైన పెక్కు యంత్రములలో, లోపలి ద్రవము చెడి, యీ రోగము ప్రబలినది.

ఇక ప్రాణములకు సంబంధించిన మాట. తీగ యూడదీసినను, పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు మించిన విద్యుత్తు నిలిచియుండవచ్చును. బిడ్డలను గదిలోనికి రానీయక, రెసిస్టరుతో దానిని హరించి, మీటరు సున్న చూపినపిదపగాని మేము చేయి పెట్టలేదు. ఈ యోపిక లేనివారు మూత విప్పనేకూడదు.

క్రొత్తవి మైక్రోఫారడులలో పాతవానికి సమముగను, వోల్టులలో తక్కువగాకను, 105 డిగ్రీల వేడి కోర్చునవిగను ఉండవలెను. ఋణపుగీత దిశ మారరాదు. రెండింటికి 40 రూపాయలైనను కాలేదు. బిందెలకు మాటువేయుట చూచినవారికి టంకము వింతగాదు. కడ్డిని పొరుగింట నెరవు దెచ్చితిమి. మా వారు దీపము పట్టిరి. టంకము వేసినది మేమే. మీట నొక్కగనే తెర వెలిగెను. అమ్మాయి పాఠమునకు గూర్చుండెను.