మూడు మిల్లీమీటర్ల ఖాళీ

మ్యాగజైన్ అంటే నాకు పత్రికే. పరిశోధన కోసం టెక్సాస్‌లో ఉన్న ఏడాది, మా ఇంటి యజమానురాలి వల్ల ఆ మాటకి ఇంకో అర్థం తెలిసింది. ఆమె పిస్టల్ పోటీలకు వెళ్తుంది. తుపాకీలంటే నాకు ఇష్టం లేదు, ఇప్పటికీ లేదు. తోడు రమ్మంటే వెళ్లాను.

ఆ రోజు ఆమె పిస్టల్ మాటిమాటికీ ఇరుక్కుపోయింది. "మణికట్టు బిగించమ్మా, ఆడవాళ్లకి ఇది మామూలే" అన్నారు పక్కనున్న మగవాళ్లు. ఆమె మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక మ్యాగజైన్ ఖాళీ చేసి చూపించింది. ఆ పిస్టల్ నమూనాని అమెరికా సైన్యం 1911లో తీసుకుంది. అది పాయింట్ 45 తూటా కొలతకి చేసినది. ఈమె వాడేది 9 ఎం.ఎం. తూటా. పొడవులో దాదాపు 3 మిల్లీమీటర్లు తక్కువ. ఆ ఖాళీ పూడ్చడానికి కొన్ని మ్యాగజైన్ల లోపల వెనకవైపు ఒక రేకు ముక్క పెట్టి వెల్డింగ్ చేస్తారు. అదే స్పేసర్. అది కదిలితే తూటాలు వెనక్కి జరిగి, పిస్టల్‌లోకి తిన్నగా వెళ్లవు. ఆమె మ్యాగజైన్‌లో వెల్డింగ్ ఊడిపోయి ఉంది.

నాకు నా పీహెచ్‌డీ సెమినార్లు గుర్తొచ్చాయి. "గొంతు పెంచు, ఆత్మవిశ్వాసం లేదు నీకు" అనేవారు. ఐదేళ్లు గొంతునే దిద్దుకున్నాను. ఆ గదిని ఎవరి కొలతకి కట్టారని ఒక్కసారీ అడగలేదు.

ఆమె ఆ మ్యాగజైన్ పక్కన పడేసి వేరేది తీసుకుంది. తర్వాతి పోటీలో పిస్టల్ ఒక్కసారీ ఇరుక్కోలేదు. మణికట్టు మాత్రం పాతదే.