అన్నయ్య గిటారుకి రెండు మైకులు

మా ఇంట్లో ఒక పాత క్యాసెట్ ఉంది. 1989 వినాయక చవితి పందిట్లో అన్నయ్య వాళ్ల ఆర్కెస్ట్రా చేసిన కచేరీ. అందులో గాయకుడున్నాడు, డ్రమ్సున్నాయి, పందిరి వెనక జనరేటర్ చప్పుడు కూడా ఉంది. అన్నయ్య గిటారు ఒక్కటే లేదు!

రికార్డు చేసింది నేనే. అప్పుడు నాకు ఇరవయ్యేళ్లు. టేప్‌రికార్డర్‌ని పెద్ద స్పీకరు బాక్సు ఎదురుగా కుర్చీలో పెట్టి, ఎర్ర మీట నొక్కి, ఏదో ఘనకార్యం చేసినట్టు కూర్చున్నాను. పాటకీ తబలాకీ మైకులు పెట్టారు. గిటారు మాత్రం వేదిక మీద వెనక మూలనున్న సొంత ఆంప్లిఫయర్ లోంచి వస్తోంది. పెద్ద స్పీకర్లోకి అది రానే రాదని నాకెలా తెలుస్తుంది? మర్నాడు విని అన్నయ్య, ‘పోన్లేరా, పాటలు బాగా వచ్చాయి’ అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. ఇళయరాజా పాటల్లో గిటారు ముక్కలు వాయించడంలో మా విజయవాడలో అన్నయ్యకి పేరుండేది. ఆ వాయింపుకి సాక్ష్యమంటూ ఒక్క ముక్కా మిగల్లేదు.

2023 మార్చిలో అన్నయ్యని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అప్పటికి ఆయనకి అరవై ఆరు. వదిన పిలిస్తే పలకడం లేదనీ, టీవీ శబ్దం పెంచేస్తున్నాడనీ గొడవ. పరీక్ష చేసిన కాగితం మీద గీత ఎడమ నుంచి కొంతదూరం బాగానే నడిచి, కుడివైపుకి వచ్చేసరికి మెట్లు దిగినట్టు కిందికి దిగిపోయింది. సన్నటి, పై స్థాయి శబ్దాలు సరిగ్గా వినపడటం లేదట. వయసు కొంత, తాళాల పక్కన నిలబడి వాయించిన ఏళ్లు కొంత.

తిరిగొస్తూ ఆటోలో అన్నాడు: ‘ఒరే, ఇంకా పోకముందే ఒకసారి రికార్డు చేద్దామా? ఈసారి కుర్చీలో పెట్టకు.’

ముప్ఫై నాలుగేళ్లు! అన్నీ గుర్తున్నాయన్న మాట.

బెంగళూరులో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేశాను. వాడికి ఈ సంగీతం పిచ్చి ఉంది. ‘ఒక మైకు చాలదు నాన్నా, రెండు పెట్టు. ఒకటి డైనమిక్, ఒకటి కండెన్సర్’ అన్నాడు. మైకుల్లో ఇన్ని రకాలుంటాయని నాకు అప్పుడే తెలిసింది. డైనమిక్ మైకంటే స్పీకర్‌ని తిరగేసినట్టే. లోపలి పొరకి ఒక తీగచుట్ట అంటుకుని ఉంటుంది. శబ్దానికి అది అయస్కాంతం మధ్య ఊగితే కరెంటు పుడుతుంది. మొరటు మనిషి. ఆంప్లిఫయర్ మూతికి ఆనించి పెట్టినా ఓర్చుకుంటుంది, పక్కింటి గోల పెద్దగా పట్టించుకోదు. కండెన్సర్ అలా కాదు. ఉల్లిపొర కన్నా పల్చటి పొర, దాని వెనక ఒక పలక. వాటి మధ్య సందు మారినప్పుడల్లా సంకేతం వస్తుంది. దానికి విడిగా 48 వోల్టుల కరెంటు ఇవ్వాలి. సన్నటి శబ్దాలన్నీ పట్టేస్తుంది. తీగ మీద వేలు జారిన చప్పుడు, గది గోడల నుంచి తిరిగొచ్చే గాలి, వంటింట్లో తాలింపు... ఏదీ వదలదు.

డైనమిక్ మైకు పాతది ఒకటి కొన్నాను. షూర్ ఎస్ఎం57, 1965 నుంచీ ఉన్న మోడల్. కండెన్సర్‌ని ఇంట్లో భజనలు రికార్డు చేసుకునే ఒక మిత్రుడు అరువిచ్చాడు. ఆంప్లిఫయర్‌ని పడగ్గదిలో పెట్టి, వదిన బొంతలు, దుప్పట్లు అన్నీ తీసి గోడలకి వేలాడదీశాం. ఏప్రిల్ ఎండల్లో ఫ్యాను ఆపేశాం. ‘మీ కచేరీ ఏమో గానీ నా ప్రాణం తీస్తున్నారు’ అంది వదిన. అన్నయ్య పొడుగాటి తీగ పెట్టుకుని హాల్లో కూర్చున్నాడు, హెడ్‌ఫోన్స్‌తో.

డైనమిక్ మైకుని స్పీకరు గుడ్డకి దాదాపు ఆనించాను. సరిగ్గా స్పీకరు మధ్యకి గురిపెడితే శబ్దం మరీ గీసుకుపోతుంది, అంచుకి పోతే మందగిస్తుంది. నడిమికి కాస్త పక్కన పెట్టాను. కండెన్సర్‌ని అడుగు పైచిలుకు వెనక్కి నిలబెట్టాను. ఒక్కోటీ విడివిడిగా వింటే... అబ్బో! మొదటిదాంట్లో గిటారు గుండెలో తన్నినట్టుంది, రెండోదాంట్లో మెరుపు. రెంటినీ సమానంగా కలిపితే ఇంక తిరుగుండదనుకున్నాను. కలిపాను.

అన్నయ్య నాలుగు వరసలు వాయించి ఆపాడు. ‘లోపల బోలుగా ఉందిరా. మొదటి తీగ ఏడో మెట్టు దగ్గర స్వరం కుంగిపోతోంది.’

నాకేమో మెరుపంతా బాగానే వినపడుతోంది. నోరు జారాను. ‘నీకు వినపడక అలా అనిపిస్తోంది అన్నయ్యా.’

ఆయన హెడ్‌ఫోన్స్ తీసి, గిటారు మంచం మీద పెట్టి, వరండాలోకి వెళ్లిపోయాడు. వదిన నా వైపు చూసిన చూపు గురించి రాయను.

రాత్రి మళ్లీ అబ్బాయికి ఫోన్. వాడు ముందడిగింది, ‘రెండు మైకుల మధ్య దూరం ఎంత?’ అని. టేపు తెచ్చి కొలిచాను. ఒకటి గుడ్డకి 2 సెంటీమీటర్లు, రెండోది 36. తేడా 34. వాడు నవ్వాడు.

శబ్దం గాలిలో సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. 34 సెంటీమీటర్లు దాటడానికి సెకనులో వెయ్యో వంతు పడుతుంది. అంటే అదే స్వరం రెండో మైకుకి అంత ఆలస్యంగా చేరుతుంది. అయితే ఏమిటట? పిల్లని ఉయ్యాల ఊపేటప్పుడు చూడండి. ఉయ్యాల వెళ్లేటప్పుడు తోస్తే ఇంకా పైకి లేస్తుంది. ఎదురొచ్చేటప్పుడు తోస్తే ఆగిపోతుంది. శబ్దమూ ఊగేదే. సెకనుకి 500 సార్లు ఊగే స్వరం ఆ కాస్త ఆలస్యంలో సరిగ్గా సగం ఊపు వెనకబడుతుంది. ఒక మైకు ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది. రెండూ కలిస్తే దాదాపు సున్నా. 1500 దగ్గరా అంతే. మిగతా స్వరాలు కొన్ని పెరిగి కొన్ని తరిగి, మొత్తానికి డొల్లగా వినిపిస్తుంది.

గిటారు మొదటి తీగ ఏడో మెట్టు మీద పలికే స్వరం సెకనుకి 494 సార్లు ఊగుతుంది.

అన్నయ్య చెవులు పోయింది పైస్థాయిలో. 500 దగ్గర ఆ డాక్టరు కాగితం మీద గీత నిటారుగానే ఉంది. బీరువాలోంచి తీసి మరీ చూశాను. ఆయన సరిగ్గానే విన్నాడు. మెరుపు చూసి మురిసిపోయి వినకుండా పోయింది నేను.

పొద్దున కాఫీ ఇస్తూ, ‘నువ్వన్నదే నిజం అన్నయ్యా’ అన్నాను. ‘ఏది?’ అన్నాడు పేపరులోంచి తలెత్తకుండా. ‘ఏడో మెట్టు’ అన్నాను. పేపరు మడిచాడు.

అబ్బాయి చెప్పిన చిట్కా ఇది. ముందు రెండు మైకుల మూతుల్నీ పక్కపక్కకి, స్పీకర్ నుంచి ఒకే దూరానికి తేవాలి. తర్వాత కంప్యూటర్లో ఒక మైకు సంకేతాన్ని తలకిందులు చేసే మీట నొక్కాలి. అప్పుడు మైకుని కొద్దికొద్దిగా జరుపుతూ శబ్దం ఎక్కడ అతి పీలగా మారుతుందో కనిపెట్టాలి. బాగున్నచోటు వెతకడం కన్నా బాగా చెడ్డచోటు వెతకడం సులువట. దొరికాక మీట మళ్లీ నొక్కితే, అంత పీలగా ఉన్నదీ అంత నిండుగా అయిపోతుంది.

వినే పని అన్నయ్యది, జరిపే పని నాది. నేను పడగ్గదిలో చెమటలు కక్కుతూ కండెన్సర్‌ని వేలెడు వెనక్కి, అర వేలు ముందుకి జరుపుతుంటే హాల్లోంచి కేకలు: ‘ఇంకా... ఇంకా... ఆఁ, పోయింది! చచ్చింది గిటారు. అక్కడే ఉంచు.’ పరుగెత్తుకొచ్చి మీట నొక్కాను. అన్నయ్య ఏడో మెట్టు మీద వేలు పెట్టి మీటాడు. ఇంకోసారి మీటాడు. తల ఊపాడు.

కండెన్సర్ శబ్దం ఎంత కలపాలన్నది మాత్రం నన్నే తేల్చమన్నాడు. ‘ఆ సన్నవి నాకు అందవు గదరా, నువ్వే చూడు.’ దాన్ని డైనమిక్ కన్నా బాగా తగ్గించి పెట్టాను.

‘గీతాంజలి’ పాటొకటి అందుకున్నాడు. వేళ్లు ముందంత చురుగ్గా లేవు, కానీ ఎక్కడ ఆగాలో ఎక్కడ జారాలో అన్నీ ఉన్నాయి. చివరి వరసలో ఉండగా వంటింట్లో కుక్కరు కూత వేసింది. బొంతలన్నీ దాటి కండెన్సర్లోకి దూరింది. పాటయ్యాక వదిన తలుపు దగ్గర నాలుక కరుచుకుని నిలబడింది.

‘విజిల్ పడింది అన్నయ్యా, ఇంకోసారి వాయిస్తావా?’

‘ఏ విజిలు?’ అన్నాడు.

వదినా నేనూ ముఖాలు చూసుకున్నాం. ‘ఏం లేదు, ఇంకొకటి ఉంటే మంచిదని’ అన్నాను.

వదిన వెళ్లి స్టవ్ ఆపేసింది. అన్నయ్య మళ్లీ శ్రుతి సరిచేసుకుని మొదలుపెట్టాడు. నాలుగు నిమిషాల పది సెకన్లు, ఒక్క తప్పూ లేదు. మొదటిది కూడా నేను చెరపలేదు.