డెవ్‌దే కదా, ఫికర్ ఎందుకు?

వలీమా రోజు ఇంటి వెనక్కి వెళ్తే డేగులు, కఫ్‌గీర్లు, కట్టెల పొగ, కొండలా ఉల్లిపాయలు. ముందు షామియానాలో దస్తర్‌ఖాన్ మీద బగారా అన్నం, దాల్చా, ఖుబానీ కా మీఠా. మెహమాన్ల ముందుకి కత్తిపీట రాదు. కానీ అది లేకపోతే దావతే లేదు.

జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులో ఈ ఇంతెజామ్ అంతా ప్యాకేజ్.జేసన్ అనే ఫైల్‌లో ఉంటుంది. అది సామాన్ల చిట్టా. అందులో 'డిపెండెన్సీస్' అంటే యాప్ నడవడానికి జరూర్ అయినవి: ఎక్స్‌ప్రెస్, రియాక్ట్ లాంటివి. 'డెవ్ డిపెండెన్సీస్' అంటే తయారీ సామాన్లు: టెస్టులు నడిపే జెస్ట్, కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్, టైప్‌స్క్రిప్ట్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు '--సేవ్-డెవ్' అంటే రెండో చిట్టాలోకి వెళ్తుంది. సర్వర్ మీద 'ఎన్‌పీఎం సీఐ --ఒమిట్=డెవ్' అంటే ఆ రెండో చిట్టా సామాన్లు దిగవు. ఇన్‌స్టాల్ తేలిక, సర్వర్‌కి బోజా తక్కువ.

ఇక్కడ రెండు గలత్ ఫహ్మీలు ఉన్నాయి. ఒకటి, డెవ్ చిట్టాలో రాస్తే బ్రౌజర్‌కి చేరదనుకోవడం. వెబ్‌ప్యాక్, వీట్ లాంటి బండ్లర్లు ఏ చిట్టాలో ఉందో చూడవు, మన కోడ్ దేన్ని ఇంపోర్ట్ చేసిందో చూస్తాయి. ఇంపోర్ట్ చేస్తే ఏ చిట్టాలో ఉన్నా మూటలోకి ఎక్కుతుంది. అలాగే బిల్డ్ సర్వర్ మీదే చేస్తూ డెవ్ సామాన్లు ఆపేస్తే, బండ్లరే దొరక్క బిల్డ్ ఆగిపోతుంది. ముందు పూరా సామాన్‌తో బిల్డ్ చేసి, తయారైన సరుకే సర్వర్‌కి పంపడం బెహతర్.

రెండోది ఇంకా ఖతర్నాక్: "డెవ్‌దే కదా భాయ్, ఫికర్ ఎందుకు?" ఈ మాటతో నాకు ఇత్తెఫాక్ లేదు.

2018 జులై 12న ఈఎస్‌లింట్‌కి చెందిన ఈఎస్‌లింట్-స్కోప్ ప్యాకేజ్ 3.7.2 వెర్షన్ ఒకటి ఎన్‌పీఎంలో కనిపించింది. అది అసలు టీమ్ పెట్టింది కాదు. ఒక మెయింటెయినర్ ఒకే పాస్‌వర్డ్‌ని వేరే సైట్లలో కూడా వాడారు, టూ-ఫ్యాక్టర్ లేదు. దొంగ ఆ దారిన వచ్చాడు. ఇన్‌స్టాల్ కాగానే దానంతటదే నడిచే స్క్రిప్ట్ ఒకటి అందులో ఉంది. అది డెవలపర్ మెషీన్‌లోని ఎన్‌పీఎంఆర్‌సీ ఫైల్ నుంచి టోకెన్లు చోరీ చేసి బయటికి పంపింది. ఆ టోకెన్ ఉంటే ఆ డెవలపర్ పేరుతో ఇంకో ప్యాకేజ్‌లోకి జహర్ కలపొచ్చు. ఎన్‌పీఎం వాళ్లు అప్పటిదాకా ఇచ్చిన టోకెన్లన్నీ రద్దు చేయాల్సి వచ్చింది. ఈఎస్‌లింట్ ఫక్తు తయారీ సామాను. ప్రొడక్షన్ సర్వర్ గడప తొక్కదు. అయినా ఇంత ఫసాద్!

గ్రాహకుల డేటా మన దగ్గర అమానత్. అది సర్వర్‌లో ఉంటుంది, నిజమే. దాని తాళంచేతులు మాత్రం డెవలపర్ లాప్‌టాప్‌లో, బిల్డ్ మెషీన్‌లో ఉంటాయి. డెవ్ సామాన్లు నడిచేది సరిగ్గా అక్కడే.

అందుకని కొన్ని ఎహ్తియాత్‌లు. ప్యాకేజ్-లాక్ ఫైల్‌ని కోడ్‌తో పాటు కమిట్ చేయాలి. 'ఎన్‌పీఎం సీఐ' అందులో రాసిన వెర్షన్లే దింపుతుంది, ప్యాకేజ్.జేసన్‌కీ దానికీ హిసాబ్ కుదరకపోతే ఆగిపోతుంది. వీలున్నచోట '--ఇగ్నోర్-స్క్రిప్ట్స్' వాడాలి. కొన్ని ప్యాకేజ్‌లకి ఆ స్క్రిప్టులు జరూరత్, వాటిని చూసి ఇజాజత్ ఇవ్వాలి. ఎన్‌పీఎం ఖాతాకి టూ-ఫ్యాక్టర్ పెట్టుకోవాలి. వాడని ప్యాకేజ్‌ని చిట్టాలోంచి తీసేయాలి.

కొత్త ప్యాకేజ్ తెచ్చేముందు నేను రెండు సవాళ్లు వేసుకుంటాను. ఇది సర్వర్‌కి వెళ్తుందా? ఇన్‌స్టాల్ అయ్యే క్షణంలో దీని చేతికి ఏ తాళంచేతులు అందుతాయి? మొదటిదాన్ని బట్టి ఏ చిట్టాలో రాయాలో తెలుస్తుంది. రెండోదాని జవాబు ఏ చిట్టాలోనూ ఉండదు, మనమే వెళ్లి చూసుకోవాలి.