కొయ్యా? కార్బనా?

అప్పడాల కర్ర కొనడానికి వెళితే మీరేం చేస్తారు? ధర అడగటానికి ముందే చేతిలోకి తీసుకుని బరువు చూస్తారు. బల్ల మీద దొర్లించి ఎక్కడైనా వంకర ఉందేమో గమనిస్తారు. గరుకుగా ఉందేమోనని వేళ్లతో తడుముతారు. ఈ విద్య మనకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అమ్మనీ, అమ్మమ్మనీ చూసి దానంతటదే వచ్చేసింది. పూల్ ఆడే కర్రకి కూడా మొదటి పరీక్ష సరిగ్గా ఇదేనంటే నమ్ముతారా?

"పూలా? సినిమాల్లో విలన్ గారి డెన్‌లో నల్లకళ్లద్దాల మనుషులు పొగ వదులుతూ ఆడతారే, అదా?" అని అడగబోతున్నారు కదూ! అదే. గుడ్డ పరిచిన పెద్ద బల్ల, ఆరు కన్నాలు, అంకెలు వేసిన పదిహేను బంతులు, వాటిని కొట్టడానికి ఒక తెల్ల బంతి. కర్రతో తెల్ల బంతిని మాత్రమే పొడవాలి. అది వెళ్లి మిగతావాటిని కన్నాల్లో పడెయ్యాలి. క్యారమ్స్ ఆడిన చేతికి పది నిమిషాల్లో అర్థమైపోతుంది. ఆడవాళ్లకెందుకీ ఆటలు అనేవాళ్లుంటే ఒక్క మాట. దీనికి అక్కలాంటి బిలియర్డ్స్‌లో బెంగళూరుకి చెందిన ఆర్. ఉమాదేవి 2012లో ప్రపంచ మహిళా విజేత అయ్యారు.

నేను షికాగో శివార్లలో ఉంటాను. పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్లిపోయి ఇల్లు బోసిపోయిన రోజుల్లో ఆఫీసులో తోటివాళ్లు పిలిస్తే ఊరికే చూద్దామని వెళ్లాను. ఆరేళ్లయింది, ఇంకా వెళుతూనే ఉన్నాను. ప్రతి మంగళవారం సాయంత్రం మా జట్టుకి ఆట. ఆ పూట వంట మావారిది. వంటంటే పెరుగన్నం, ఆవకాయ అనుకోండి!

ఈ పూల్ కర్ర రెండు ముక్కలుగా ఉంటుంది. చేత్తో పట్టుకునే వెనక భాగం లావుగా, బరువుగా ఉంటుంది. ముందు భాగం సన్నగా, పెన్సిల్‌లా సాగి ఉంటుంది. దీన్నే షాఫ్ట్ అంటారు. పొడవు 29 లేదా 30 అంగుళాలు, కొసన మందం 12, 13 మిల్లీమీటర్లు. రెంటినీ మర తిప్పి బిగించి ఆడతారు. కొసన తోలుతో చేసిన చిన్న బిళ్ల ఉంటుంది. దాని పేరు టిప్. నా కర్ర షాఫ్ట్ ఆరేళ్లకి కాస్త వంగింది. బల్ల మీద దొర్లిస్తే మధ్యలో సన్నగా వెలుగు కనపడుతోంది. కొత్తది తీసుకోక తప్పదని తేలిపోయింది.

మా జట్టులో ఒక తెలుగమ్మాయి ఉంది. "ఆంటీ, ఈ రోజుల్లో ఎవరండీ చెక్కతో ఆడేది? కార్బన్ ఫైబర్ తీసుకోండి" అంది. ఎంతమ్మా అంటే, పేరున్న కంపెనీవి సుమారు 300 నుంచి 550 డాలర్ల దాకా అంది. మామూలు కొయ్య షాఫ్ట్ అయితే 100 డాలర్ల ప్రాంతంలో వచ్చేస్తుంది. ఇంటికొచ్చి చెబితే మావారు పేపర్లోంచి తలెత్తి, "కర్రకా?" అన్నారు. అంతే అన్నారు, పాపం. మిగతాదంతా నాకు నేనే అనుకున్నాను. ఇంట్లో ఎవరికేం కావాలన్నా రెండో ఆలోచన లేకుండా కొనే మనం, మన సరదాకి ఏదైనా కొనాల్సి వస్తే మనసులో పెద్ద పంచాయతీ పెడతామా లేదా, మీరే చెప్పండి.

సరే, పంచాయతీ అన్నాక రెండు పక్షాల మాటా వినాలి.

కొయ్య ఏమంటుంది?

పూల్ షాఫ్టుల కొయ్య ఎక్కువగా మేపుల్ చెట్టుది. అమెరికాలో అట్టులాంటి పాన్‌కేక్ మీద తియ్యటి పాకం పోసుకుంటారు చూశారూ, ఆ పాకం కూడా ఈ చెట్టు నీరే. దాదాపు 40 లీటర్ల నీరు మరిగిస్తే ఒక్క లీటరు పాకం వస్తుంది. చలి దేశంలో నిదానంగా పెరిగే చెట్టు కాబట్టి కొయ్య గట్టిగా, చార తిన్నగా ఉంటుంది. బంతికి తగిలినప్పుడు ఆ దెబ్బ అరచేతి దాకా మెత్తగా వస్తుంది. బాగా కొట్టామా లేదా అన్నది చెవికంటే ముందు చేతికి తెలుస్తుంది.

కాని కొయ్య కొయ్యే. వానాకాలంలో మనింటి తలుపు ఉబ్బి బిగుసుకోదూ? అలాగే ఇదీ గాలిలో తేమని పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. ఇక్కడ వేసవిలో ఉక్కపోత, చలికాలంలో హీటర్ల వేడికి పెదాలు పగిలేంత పొడి. ఈ లాగుడికి ఎంత మంచి కొయ్యయినా వంగొచ్చు. కారులో వదిలెయ్యకూడదు. గోడకి జారవేసి పెట్టకూడదు. టిప్‌కి రాసే నీలం చాక్ పొడి కొయ్య రంధ్రాల్లోకి దిగి మసకేస్తుంది. చేతి చెమటకి జిడ్డుగా తయారై వేళ్ల మధ్య జారదు. ఆడిన ప్రతిసారీ కొద్దిగా తడి చేసిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టుకోవాలి. బల్ల అంచుకి తగిలితే నొక్కు పడుతుంది. అయితే కొయ్యలో గొప్పతనం కూడా ఇక్కడే ఉంది. ఆ నొక్కు మీద తడిగుడ్డ కాసేపు ఉంచితే కొయ్య ఉబ్బి చాలావరకు సర్దుకుంటుంది. అంటే కొయ్యకి జబ్బులెన్నో, మందులూ అన్నే.

మా జట్టులో డెబ్భై దాటిన ఒక అమెరికన్ పెద్దావిడ ఉన్నారు. ఆవిడ కర్ర వయసు ముప్ఫై ఏళ్ల పైమాటే. తేనెరంగుకి తిరిగి మెరుస్తూంటుంది. "ఆదివారం పొద్దున్నే దీన్ని తుడుచుకుంటూ కూర్చుంటే నాకు చర్చికెళ్లినంత ప్రశాంతంగా ఉంటుంది" అంటారు. ఆవిడకి ఆ సేవ కూడా ఆటలో భాగమే.

కార్బన్ ఏమంటుంది?

కార్బన్ ఫైబర్ అంటే బొగ్గు పోగులనుకోండి. వెంట్రుకకంటే సన్నని ఆ పోగుల్ని జిగురుతో కలిపి గొట్టంలా చేస్తారు. మీరు ఎక్కే బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం ఇలాంటి మిశ్రమ పదార్థాలే. పూల్‌లో దీనికి ఊపు తెచ్చింది ప్రిడేటర్ కంపెనీ 2016లో తెచ్చిన రెవో షాఫ్ట్. తర్వాత మిగతా కంపెనీలూ వెనకాలే వచ్చేశాయి.

దీనికి ఎండా లేదు, వానా లేదు. వంగదు, ఉబ్బదు, చిన్న చిన్న దెబ్బలకి నొక్కు పడదు. గుడ్డకి కాస్త స్పిరిట్ అద్ది తుడిస్తే చాక్ మరక పోతుంది. వేళ్ల మధ్య సబ్బు రాసినట్టు జారుతుంది. చెమట చేతులవాళ్లకి ఇది చిన్న సుఖం కాదు.

మరి లోపాలు? ఉన్నాయి. పెద్ద దెబ్బ తగిలి చీలిందంటే ఇక బాగుచెయ్యడం కుదరదు. టిప్ మార్చడానికి అలవాటున్న పనివాడే కావాలి. ఇసుక కాగితం పెట్టి రుద్దితే పై పొర పోతుంది. శబ్దం కూడా వేరు. కొయ్యది 'టక్' అయితే దీనిది బోలు గొట్టం మీద కొట్టినట్టు 'టొక్'. కొందరికి ఆ చప్పుడే పడదు.

నిండు బిందె, ఖాళీ బిందె

అసలు గొడవంతా గురి దగ్గరుంది. తెల్ల బంతికి మెలిక ఇవ్వాలంటే దాని మధ్యలో కాక పక్కన పొడవాలి. ఎడమ పక్క పొడిస్తే, మీరు గురిపెట్టిన గీత కంటే కాస్త కుడికి పోతుంది. ఎందుకని? కుళాయి దగ్గర రద్దీలో నిండు బిందె తగిలితే మనిషి పక్కకి జరుగుతుంది. ఖాళీ బిందె తగిలితే బిందే పక్కకి జరుగుతుంది. కర్ర కొస బరువుగా ఉంటే బంతి ఎక్కువ పక్కకి పోతుంది. కొస తేలికైతే కర్రే తప్పుకుంటుంది, బంతి గీత మీదే దాదాపు నిలుస్తుంది. కార్బన్ షాఫ్ట్ లోపల బోలుగా ఉంటుంది కాబట్టి కొస తేలిక. తేడా తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. పోతుందని చెప్పే అమ్మకందారుని నమ్మకండి.

ఇంకో సంగతి. కొయ్యలోనూ ఇలాంటివి ఉన్నాయి. ముక్కలు అతికించి, కొసన బోలు చేసిన కొయ్య షాఫ్టులు 1994 నుంచే దొరుకుతున్నాయి. ధర సుమారు 200 నుంచి 300 డాలర్లు. కాబట్టి "తేలిక కొస కావాలంటే కార్బనే" అన్న మాట నిజం కాదు.

ఆ అమ్మాయి తన కార్బన్ షాఫ్ట్ రెండు వారాలకి ఎరువిచ్చింది. మా ఇద్దరి కర్రలకీ మర ఒకటే కావడం నా అదృష్టం. ఒకే చోట బంతి పెట్టి, ఒకే మెలికతో, రోజూ ఇరవైసార్లు కొట్టి చూశాను. మొదటి రోజు సగం కూడా పడలేదు. షాఫ్ట్ చెడ్డదయ్యి కాదు. బంతి పక్కకి పోతుందని ఆరేళ్లుగా నా కన్నూ చెయ్యీ కలిసి ముందే కాస్త సర్దుకుని కొట్టడం నేర్చేసుకున్నాయి. కొత్త పొయ్యి మీద మొదటి వారం అన్నం అడుగంటదూ, అలాగన్నమాట. పదో రోజుకి పాత లెక్కకి వచ్చాను. మించిపోలేదు, తగ్గనూ లేదు.

అంటే ఆటలో నాకు రెండూ ఒకటే! మరి దేన్ని బట్టి ఎంచుకోవాలి?

ఆ రాత్రి వంటింట్లో సర్దుకుంటూ ఆలోచించాను. ఇనప పెనానికి నూనె రాసి పెట్టేది నేను. కవ్వం కడిగి ఎండబెట్టేది నేను. ఆవకాయ జాడీకి తడి తగలకుండా కాపలా కాసేది నేను. ఈ పనులంటే నాకు ప్రేమే, కాదనను. కాని వారంలో ఒక్క సాయంత్రం దేన్నీ కనిపెట్టుకుని ఉండనక్కర్లేకుండా ఆడుకోవాలనిపించింది. ఆట అయిపోగానే సంచిలో పడేసి, నవ్వుకుంటూ ఇంటికి రావాలనిపించింది. అదీ నాకు దొరికిన జవాబు. నెలకి యాభై చొప్పున, ఎనిమిది నెలలు పోపులపెట్టె పొదుపు చేసి, 400 డాలర్లకి కార్బన్ షాఫ్ట్ కొనుక్కున్నాను. పాతది పారెయ్యలేదు. సెలవులకొచ్చినప్పుడు మా అబ్బాయి దాంతోనే ఆడతాడు. ఆ చిన్న వంకర వాడికి పట్టదు!

మా పెద్దావిడ నా కొత్త షాఫ్ట్ పట్టుకుని నాలుగు బంతులు కొట్టి, "బాగుంది, కాని నాకొద్దు" అని తిరిగిచ్చేశారు. ఆవిడ మాటా నిజమే. తుడుచుకోవడంలో ఆనందం ఉన్నవాళ్లకి కొయ్యని మించింది లేదు.

కొనేముందు

మీ పిల్లలో, విదేశాల్లో ఉన్న చెల్లెలో, మీరే స్వయంగానో ఇలాంటిది కొనబోతుంటే నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

మొదట టిప్ మార్పించి చూడండి. బంతికి తగిలేది కొయ్యా కాదు, కార్బనూ కాదు, ఆ తోలు బిళ్లే. అది కూడా సెకనులో వెయ్యో వంతు సేపు. చాలాసార్లు "కర్ర బాగాలేదు" అనుకున్నది అరిగిన టిప్ పుణ్యమే. షాఫ్ట్ ధరతో పోలిస్తే ఆ ఖర్చు చాలా తక్కువ.

మర చూసుకోండి. ఒక కంపెనీ మిక్సీ జారు ఇంకో దానికి పట్టదు కదా, షాఫ్టులూ అంతే. కొట్టుకి వెళ్లేటప్పుడు వెనక భాగం వెంట తీసుకెళ్లండి.

ఎరువు తెచ్చుకుని కనీసం పది రోజులు ఆడాకే డబ్బు తియ్యండి. మొదటి రోజు నచ్చకపోవడానికీ, నచ్చడానికీ అర్థం లేదు. చిన్న చేతులవాళ్లు కొస మందం కాస్త తక్కువున్నది కూడా పట్టి చూడండి.

నెలకోసారి ఆడేవాళ్లకి మామూలు కొయ్య చాలు. ఖరీదు ఆటని తెచ్చిపెట్టదు. ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రెయిస్ 1999లో కార్డిఫ్‌లో ప్రపంచ నైన్‌బాల్ విజేత అయ్యేనాటికి ఈ కార్బన్ షాఫ్టుల హోరు లేనే లేదు. 2022లో షేన్ వాన్ బోనింగ్ కార్బన్‌తో అదే టైటిల్ గెలిచాడు. ఇద్దరి చేతులూ బంగారమే.

ఏ వస్తువు కొన్నా "ఇది ఎంత బాగా పనిచేస్తుంది?" అని అడుగుతాం. "దీన్ని రోజూ చూసుకునేది ఎవరు, ఆ పని వాళ్లకి ఇష్టమేనా?" అని కూడా అడిగితే సగం ఇళ్లల్లో అటక మీద సామాన్లు తగ్గిపోతాయి. ఏమంటారు?