అట్ట ముందు, అట్ట వెనక

మన హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, దేశమంతా ఏం తినాలో చెప్పే పుస్తకం అక్కడే తయారవుతుంది. 2024 మే నెలలో వచ్చిన దాంట్లో 17 సూత్రాలున్నాయి. చాలావరకు మా అత్తగారు చెప్పే మాటలే. రకరకాలవి కలిపి తినండి, ఆకుకూరలు మానకండి, ఉప్పు తగ్గించండి. ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదట. అంటే ఒక చిన్న చెంచాడు, ఆవకాయలోదీ అప్పడంలోదీ కలుపుకునే!

అత్తగారు ఎప్పుడూ చెప్పని సూత్రం మాత్రం ఒకటుంది: ప్యాకెట్ మీద రాసింది చదివి కొనండి.

మంచి మాటే. పదార్థాల పేర్లు బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నది ముందు రాయాలని నిబంధన. అందుకే మొదటి మూడు పేర్లు చూస్తే చాలావరకు సంగతి తెలిసిపోతుంది. పళ్లరసం అన్న డబ్బా వెనక నీళ్లు, పంచదార ముందుండి పండు తర్వాతుంటే, అది రంగు పానకమే.

కానీ భారమంతా చదివేవాళ్ల మీదే వేస్తే ఏమవుతుందో ఓఆర్‌ఎస్ కథ చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్లకి గ్లూకోజు 13.5 గ్రాములే. తీపి మితిమీరితే పిల్లలకి విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. అయినా ఆ మూడక్షరాలు పేరులో కలుపుకుని తీపి పానీయాలు మందుల షాపుల్లో అమ్ముడయ్యాయి. 2022లో ఆహార భద్రతా సంస్థ దానికి ఒప్పుకుంది కూడా, ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు’ అని అట్ట మీద రాస్తే చాలంది.

రాశారు. ఎవరు చదివారు? అర్ధరాత్రి వాడిపోయిన బిడ్డని భుజాన వేసుకుని షాపుకి పరిగెత్తిన తల్లికి పెద్దక్షరాలే కనపడతాయి. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి దీనిమీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆ అనుమతి రద్దయింది. అసలైన ఓఆర్‌ఎస్ కాని పానీయానికి ఆ పేరు వాడకూడదన్నారు.

అందుకే నాకనిపిస్తుంది, వెనక చదవమని మనకి చెప్పేవాళ్లు, ముందు నిజం రాయమని అమ్మేవాళ్లకి ఇంకా గట్టిగా చెప్పాలి. వంటింటి జాగ్రత్త మనం చూసుకుంటాం. అట్ట ముందు ఏముండాలన్నది మాత్రం ప్రభుత్వమే చూడాలి.

ఈలోగా ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఇంట్లో పసిపిల్లలున్న మీ వాళ్లకీ చెప్పండి.